అడిగే నౌకరీ

మా తండాకు బస్సొచ్చింది! ముందు ఈ మాట చెప్పేయాలి, మిగతావన్నీ తర్వాత. ఈరోజు పొద్దున, పిల్లలు కాలేజీకి తయారయ్యే వేళకు, కురవి వైపు నుంచి హారన్ కొట్టుకుంటూ, మలుపు దగ్గర కాస్త తడబడి, నిజంగానే బస్సు మా తండా లోపలికే వచ్చింది. రోడ్డు మీద ఆగి మమ్మల్ని రమ్మన్న బస్సు కాదు, మా దగ్గరికి వచ్చిన బస్సు. ఆడవాళ్ళు అద్దం నిండా, ఆఖరికి టైరుకు కూడా బంతిపూల దండలు వేశారు. వేడి ఇంజను మీద పూలు కమిలిన వాసన, డీజిలు వాసన కలిసిపోయి ఇంకా నా చేతులకు అంటుకునే ఉన్నాయి. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "అమ్మా, దండలేసుడు అయిపోతే ఎక్కున్రి. రేపు గూడ వస్త. కాని రేపు జర పూలు తక్కువ వెట్టున్రి, ముందల రోడ్డు కనబడ్తలేదు" అన్నాడు. మా చిన్నమ్మ కూతురు మమత, ఇంటర్ మొదటి సంవత్సరం, కిటికీ సీటులో కూర్చుని నాకు చెయ్యి ఊపింది. రోజూ మెయిన్ రోడ్డు దాకా నడిచి, మొదటి పీరియడు పోగొట్టుకుని, ఇక మానేస్తానని పండుగ ముందు ఏడ్చిన పిల్ల.

బస్సు మలుపు తిరిగి కనబడకుండా పోయాక నాకు గుర్తొచ్చింది ఖమరున్నీసా ఆపా. ఆపా అంటే వాళ్ళ దక్కనీలో అక్క. ఆమెకు మనుమలున్నా, జనగామలో ఆమె అందరికీ ఆపాయే. ఆమె నాకు చుట్టం కాదు, బడిలో టీచరూ కాదు. నాకు నౌకరీ ఇచ్చిన మనిషి. ఈ బస్సు రావడానికి, ఒకసారి రాకుండా ఆగిపోవడానికి కూడా ఆమే కారణం. అదెట్లాగో చెప్తాను.

జనగామ స్టేషన్ రోడ్డులో ఒక దర్జీ దుకాణం పైన రెండు గదులు. బోర్డు మీద ప్రజా విధానాలు, పరిశోధన అంటూ పొడుగాటి పేరు ఉండేది కానీ ఊళ్ళో రిక్షావాళ్ళ నుంచి కలెక్టరాఫీసు అటెండర్ల దాకా అందరికీ అది ఆపా ఆఫీసే. కింద కుట్టుమిషన్లు నడిచినంతసేపూ పైన మా బల్లలు సన్నగా వణికేవి. ఆపా అంతకుముందు కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేది. పదవీ విరమణకు ముందే మానేసి ఇది పెట్టింది. సర్కారు పథకాలు రాజధానిలో రాసుకుంటారు కదా, అవి చివరి ఇంటికి చేరేసరికి ఏ రూపంలో చేరుతున్నాయో చూడటం, ఎందుకు వంకరపోయాయో రాయడం, ఎట్లా సరిచేయవచ్చో చెప్పడం, ఇదీ పని. ఎవరైనా పెద్దమనిషి, మీరు ఏ పక్షమూ కాదు కదా మేడం అని మర్యాదగా అడిగితే ఆమె తల అడ్డంగా ఊపేది. "పక్షం లేకపోతే ఎట్ల సార్? రేషన్ దుకాణం కాడ లైన్ల ఆఖర్న నిలబడ్డోల్ల పక్షం మాది. లెక్కలు మాత్రం ఎవ్వల పక్షం వోకుంట చేస్తం."

నేను డిగ్రీ పాసై, మా ఇంట్లో, ఆ మాటకొస్తే మా వీధిలోనే మొదటి డిగ్రీ పట్టుకుని ఆ మెట్లెక్కాను. ఇంటర్వ్యూ కోసం రాత్రంతా ఏవేవో చదువుకున్నాను. ఆపా నా కాగితాల వైపు చూడలేదు. సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదుకుంటూ, "బేటా, బస్టాండుకు పోయి ఎవలన్న ఒక ఆడమనిషిని, ఈడ ఏం కావాలె అని అడిగి రా" అంది. అంతే. నేను పరుగున పోయి, జామకాయలు అమ్మే అవ్వను అడిగి, పరుగున వచ్చి, "టాయ్‌లెట్ బాగలేదు మేడం" అన్నాను.

"గది ఆమె చెప్పిందా, నువ్వు చెప్పినవా?"

"ఆమెనే మేడం. టాయ్‌లెట్ బాగలేదు గదా అవ్వా అని అడిగిన. అవు బిడ్డా అన్నది."

ఆపా సాసర్ కింద పెట్టి నవ్వింది. "జవాబు ఆమె చేతుల వెట్టి, మల్ల నువ్వే గుంజుకొచ్చినవు. పోయి ఉత్త చేతులతోని అడిగి రా."

మళ్ళీ పోయాను. ఈసారి పక్కన కూర్చుని, ఏం కావాలె అవ్వా అని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అవ్వ జామకాయలు తుడుస్తూ తుడుస్తూ, ఏ బస్సు ఎటు పోతదో నోటితో చెప్పేటోడు ఒకడుంటే బాగుండు, బోర్డు చదువరాని ఆడోల్లు ఎంతమంది ఎక్కరాని బస్సు ఎక్కుతరో అంది. నేను ఆ మాటను అట్లాగే మోసుకొచ్చి చెప్పాను. ఆపా, "రేపటి నుంచి రా" అంది.

మా యాడికి, అంటే మా అమ్మకు, ఈ నౌకరీ ఏంటో ఎంత చెప్పినా అర్థం కాలేదు. బడి కాదు, దవాఖాన కాదు, బ్యాంకు కాదు. ఒకసారి ఆపా మా తండాకు వచ్చినప్పుడు రొట్టె పెడుతూ నేరుగానే అడిగింది. "మా పిల్ల మీ కాడ ఏం పని చేస్తదమ్మా?"

ఆపా ఎదురు ప్రశ్న వేసింది. "మీ బోరింగ్ గాడ దిబ్బ మీద ఏసిన్రు. ఈడ ఎయ్యాల్నా, ఆడ ఎయ్యాల్నా అని మిమ్మల ఎవరన్న అడిగిన్రా?"

"మమ్మల ఎవరడుగుతరు?"

"గదే అడిగే నౌకరీ."

మా యాడి చేతిలో రొట్టె ఆగిపోయింది. "అడిగేతందుకు గూడ జీతమిస్తరా?"

"ఇస్తరు. జర తక్కువ." ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ రోజు నుంచి మా తండాలో నాది అడిగే నౌకరీ. ఇప్పటికీ ఎవరైనా పెళ్ళిచూపులకు వచ్చి పిల్ల ఏం చేస్తదంటే మా యాడి అదే చెప్తుంది, వాళ్ళు అర్థం కాక తలూపుతారు.

ఆపా ఆఫీసులో అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటుండేది. దాన్ని మేం 'ఇనుడు', అంటే వినడం, అనేవాళ్ళం. ఏ ఊరి గురించి రిపోర్టు రాస్తే, అది ఆఫీసర్ల దగ్గరికి పోకముందు ఆ ఊళ్ళో, వాళ్ళ మాటలో, మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాలి. ఏ మాట వద్దంటే ఆ మాట తీసేయాలి. లెక్కలు మార్చడానికి లేదు, కానీ వాళ్ళ గురించి మేం అన్న ప్రతి మాట మీద, వాళ్ళ కోసం మేం అడిగే ప్రతి దాని మీద హక్కు వాళ్ళదే. నేను మొదట రాసిన రిపోర్టు పుస్తకాల తెలుగులో గట్టిగా ఉండేది. ఆపా దాన్ని పైకి చదువుకుని, "గిట్ల ఎవరు మాట్లాడుతరు బేటా? ఇనుడు కాడ చదివితే జనానికి నవ్వన్న రావాలె, కోపమన్న రావాలె. నిద్ర రావొద్దు" అంది. మా లెక్కలన్నీ చూసే నరసింహ అన్నకు మాత్రం ఇనుడంటే భయం. "ఆపా, కంప్యూటర్‌ల తప్పు వోతే నేను దిద్దుత. కమిలి అవ్వ నోట్ల వడితే ఎవరు దిద్దుతరు?" అనేవాడు. కమిలి అవ్వ మా తండాలో అందరికన్నా పెద్దది, అందరికన్నా గట్టిగా మాట్లాడేది. అన్న భయం ఎంత నిజమో తర్వాత తెలిసింది.

పదో తరగతి తర్వాత తండాల ఆడపిల్లలు ఎందుకు చదువు ఆపేస్తున్నారు, ఇదీ అప్పుడు మాకు వచ్చిన పని. మహబూబాబాదు చుట్టూ, మేం మానుకోట అంటాం, కురవి వైపు, కేసముద్రం వైపు తండాలన్నీ తిరిగాం. మిర్చి ఏరే చేలలో, పత్తి మార్కెట్టు దగ్గర, నీళ్ళ దగ్గర అడిగాం. రిపోర్టు రాసే బాధ్యత ఆపా నాకిచ్చింది. నేను హాస్టల్ పిల్లను. ఆరో తరగతి నుంచి డిగ్రీ దాకా హాస్టలే నన్ను మోసింది. కాబట్టి నాకు జవాబు ముందే తెలుసు: ఈ తండాలన్నిటికీ కలిపి ఒక ఆడపిల్లల హాస్టల్. హైదరాబాదులో ఒక పెద్దసారు ఆ మాట విని చాలా సంతోషించాడు. రిపోర్టు తొందరగా పంపండి, మంజూరు నేను చూసుకుంటానన్నాడు. అది జరిగితే మా ఆఫీసుకు మరో మూడు జిల్లాల పని వస్తుందని, రెండు గదులు నాలుగవుతాయని నరసింహ అన్న అప్పుడే గోడలు కొలిచి చూసుకున్నాడు.

ఇనుడు మా తండాలోనే పెట్టాం. సాయంత్రం, చేలనుంచి అందరూ వచ్చాక, బడి అరుగు మీద. నేను లంబాడీలోకి మార్చి చదువుతున్నాను. మొదటి పేజీలోనే 'మారుమూల తండా' అన్న మాటను మా భాషలో ఎట్లా చెప్పాలో తెలియక, అందరికీ దూరంగా ఉన్న తండా అని చదివాను. కమిలి అవ్వ చెయ్యెత్తింది.

"ఎవలకు దూరం పిల్లా? నా చేను గీడనే, నా మేకలు గీడనే, నా శత్రువు గూడ పక్కింట్లనే. మాకేం దూరం లేదు. దూరమున్నది మీ ఆఫీసు."

అరుగంతా గొల్లుమంది. నేను తెలుగులో చెప్పగానే ఆపా అందరికన్నా ఎక్కువ నవ్వి, చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీసి ఆ మాట కొట్టేసింది. ఆ తర్వాత నుంచి నా చేతి మీదుగా ఏ రిపోర్టులోనూ ఆ మాట పడలేదు.

హాస్టల్ దగ్గరికి వచ్చేసరికి నవ్వులు ఆగాయి. నేను గొంతు పెంచి, ఇష్టంగా చదివాను. తర్వాత కమిలి అవ్వే, "మంచిదే. మరి ఆ హాస్టల్ల నన్ను చేర్చుకుంటరా?" అంది.

"నువ్వెందుకు అవ్వా?"

"దవాఖానకు వోవాలె గద. ఈడికెల్లి రోడ్డు దాక నడుస్తే సగం పానం వోతది. మన లక్ష్మి నెలలు నిండిన పొట్టతోని నడిచె. పించనోల్లు నడుస్తరు, కూరగాయలోల్లు నడుస్తరు, పిల్లలూ నడుస్తరు. నువ్వు పిల్లలనే చూసినవు. వాళ్ళు పొయ్యే దారిని చూడలే. మేం దారి అడుగుతుంటే, పిల్లలను పంపున్రి అంటున్నవు."

నేను హాస్టల్ వల్ల ఎంత మేలో చెప్పబోయాను. నన్ను చూడండి, నేను డిగ్రీ చేసింది అక్కడుండే కదా అన్నాను. అప్పుడు మా యాడి లేచింది. మీటింగుల్లో ఎప్పుడూ వెనక కూర్చునే మనిషి. నా వైపు కాక ఆపా వైపు చూస్తూ తెలుగులో మాట్లాడింది.

"హాస్టల్ మంచిగనే చూసుకున్నదమ్మా. అన్నం పెట్టింది, చదువు చెప్పింది. నేను కాదనను. కాని నా బిడ్డ సెలవులకొస్తే, కారం ఎంత తింటదో నాకు తెల్వకపాయె. ఏం వండమంటవే అని అడిగి, చుట్టానికి వండినట్టు వండిన. ఒక్క బిడ్డను గట్ల ఇచ్చిన. చాలు. వీళ్ళ బిడ్డలు పొద్దున పోయి పొద్దుమూకి ఇంటికి రానీ."

నేను ఆ మాట అంతకు ముందెప్పుడూ వినలేదు. ఇంట్లో చెప్పని మాట ఇనుడులో చెప్పింది. కాగితం చేతిలో ఉంది, చదవాల్సిన వాక్యాన్ని వదిలేసి మా యాడి వైపే చూస్తున్నాను. ఆపా నా చేతిలోంచి పేజీలు మెల్లగా తీసుకుని, పెన్సిలు నాకిచ్చింది. "కొట్టేయ్ బేటా. నువ్వు రాసింది, నువ్వే కొట్టేయ్."

అక్కడే కూర్చుని కొత్తది రాశాం. కొత్త బస్సు కూడా అడగలేదు. కురవి నుంచి పొద్దున్నే సగం ఖాళీగా మానుకోటకు పోయే బస్సు ఉండనే ఉంది. దాన్ని రోడ్డు మీద సాగనీయకుండా కాస్త వంచి, తండాల మీదుగా తిప్పి, మళ్ళీ రోడ్డెక్కిస్తే చాలు. ఏ మలుపు దగ్గర తిప్పాలి, ఎవరి ఇంటి ముందు ఆగాలి, చింతచెట్టు కొమ్మ ఎక్కడ కొట్టాలి, అన్నీ ఆడవాళ్ళే చెప్పారు. రాసినంతసేపూ రాసింది చదివించుకున్నారు. చీకటి పడే వేళకు కమిలి అవ్వ, "ఇగ పాస్" అని అరుగు మీద చేత్తో కొట్టింది.

తిరుగు రైల్లో నాకు దుఃఖం, కోపం రెండూ. "పెద్దసారు హాస్టల్‌కే ఒప్పుకున్నడు ఆపా. బస్సంటే కదలడు. మన ఆఫీసు ఏమైతది?"

"ఆయన ఒప్పుకున్నడు. వీళ్ళు ఒప్పుకోలే. ఉండేది ఎవరు బేటా, ఆయనా, వీళ్ళా?" కిటికీ బయటికి చూస్తూ అంది. "ఆలస్యమైతే కానీ. మనం అడిగింది వాళ్ళు అడిగిందే కావాలె. గంతే."

నేను అన్నట్టే అయింది. పెద్దసారు కోపగించుకోలేదు, బాధపడ్డాడు. "మేడం, హాస్టల్ అయితే బిల్డింగ్ కనబడుతది, ప్రారంభం ఉంటది. బస్సును వంచితే శిలాఫలకం ఎక్కడ పెట్టాలె, టైరుకా?" అన్నాడు. ఆపా కూడా నవ్వింది. నవ్వి, రిపోర్టు బల్ల మీద పెట్టి, నమస్కారం చేసి వచ్చేసింది. ఆ రిపోర్టు ఏ బీరువాలోకి పోయిందో తెలియదు. మూడు జిల్లాల పని రాలేదు. రెండు గదులు ఒకటయ్యాయి. నరసింహ అన్న వరంగల్‌లో వేరే ఉద్యోగంలో చేరాడు, పోయేరోజు తన కుర్చీని తుడిచి మరీ పోయాడు. ఆపా ఒక్కసారి కూడా, ఆ రోజు హాస్టల్ అని పంపిస్తే సరిపోయేది అనలేదు. నేను అప్పుడప్పుడూ అనుకున్నాను. మమత లాంటి పిల్లలు ఏడాదికేడాది పుస్తకాలు అటకెక్కిస్తుంటే అనుకోకుండా ఎట్లా ఉంటాను?

మెల్లమెల్లగా ఆపాకు వినికిడి తగ్గింది. మనుషుల పెదవులు చూసి మాట్లాడటం నేర్చుకుంది. ఫోను పూర్తిగా మానేసింది. చివరికి, భూపాలపల్లి గనుల్లో పనిచేసే కొడుకు దగ్గరికి పోతూ తాళంచెవి నా చేతిలో పెట్టి, "చూసినవా, ఇనుడు పెట్టినదానికే ఇనబడకుంట అయింది. ఖుదాకు గూడ మస్కిరి ఎక్కువే" అని తన మీద తనే హాస్యమాడి నవ్వింది. అప్పటి నుంచి ఆ ఒక్క గది నేను నడుపుతున్నాను. కింద కుట్టుమిషన్లు, పైన వణికే బల్ల.

ఈమధ్య ఒక కొత్త ఆఫీసరు మరేదో పని మీద మా తండాకు వచ్చాడు. పోతూ పోతూ, కారు ఎక్కబోతూ, ఇంకేమన్నా కావాలా అమ్మా అని మాటవరసకు అడిగాడు. కమిలి అవ్వ ఆయన చెయ్యి పట్టుకుని బడి అరుగు మీద కూర్చోబెట్టింది. బస్సు ఎక్కడ వంచాలో, ఏ ఇంటి ముందు ఆపాలో, ఎవరెవరు ఎక్కుతారో మొదలుపెట్టింది. ఆమె ఆగిన చోట మా చిన్నమ్మ అందుకుంది, చిన్నమ్మ ఆగిన చోట మా యాడి. కాగితం బీరువాలో ఉండిపోయినా రిపోర్టు తండాలోనే ఉంది. ఆఫీసరు ముచ్చటపడి, "ఇదంతా మీకు ఎవరు నేర్పిన్రమ్మా?" అన్నాడట.

"నేర్పుడేంది సారూ, మా రిపోర్టే గద అది. మేమే పాస్ చేసినం. మీరే లేట్ చేసిన్రు" అందట కమిలి అవ్వ.

ఆయన అక్కడి నుంచే డిపోకు ఫోను చేశాడు. మిగతా కథ ఈరోజు పొద్దున హారన్ కొట్టుకుంటూ వచ్చింది. ముందు సీటులో, కొత్త బట్టల్లో, కమిలి అవ్వ కూర్చుంది. దవాఖానకా అంటే కాదట, ఊరికే మానుకోట చూసొస్తుందట. కిటికీలోంచి నన్ను పిలిచి, "హాస్టల్ల చేర్చుకోకపాయె. బస్సుల చేర్చుకున్నరు పిల్లా!" అని అరిచింది. మా యాడి పక్కన నిలబడి నవ్వింది. తర్వాత ఇంట్లో, ఏం వండమంటవే అని అడగలేదు. తనకు తోచినంత కారం వేసి వండింది, నాకు కళ్ళు మండాయి, రెండోసారి వడ్డించుకున్నాను.

ఇదంతా ఆపాకు చెప్పాలి. ఫోనులో కుదరదు, కుదిరినా చెప్పను. మనుషుల సంగతి మనుషుల ముందు కూర్చునే చెప్పాలన్నది ఆమె నియమమే. ఆదివారం మా తండా బస్సే ఎక్కి మానుకోట, అక్కడి నుంచి వరంగల్, పరకాల మీదుగా భూపాలపల్లి పోతాను. ఎదురుగా కూర్చుని, పెదవులు కనబడేటట్టు, ఈ రాసింది కూడా మొదటి నుంచి చివరిదాకా చదువుతాను. ఇది ఆమె గురించి కాబట్టి దీనికీ ఇనుడు ఉంది. పెన్సిలు ఆమె చేతికే ఇస్తాను. ఎక్కడ కొట్టేస్తే అక్కడ పోతుంది. నేను ఇంతగా పొగిడిన చోట్లే ముందు పోతాయని తెలుసు, అందుకే కాస్త ఎక్కువే రాశాను. మీరు చదివేది ఆమె మిగిల్చింది.

ఈలోపు ఫోను చేయాల్సినవాళ్ళు ఇంకా ఉన్నారు. నరసింహ అన్న, మొట్టమొదట, గోడలు కొలిచిన సంగతి గుర్తు చేసి. హైదరాబాదు పెద్దసారు, రిటైరైపోయాడు పాపం, టైరుకు బంతిపూల దండ వేశామని చెప్పాలి. మా హాస్టల్ వార్డెనమ్మ, ఆమెకు నెమ్మదిగా చెప్పాలి, ఆమె అన్నం తినే ఈ నౌకరీ దాకా వచ్చానని కూడా చెప్పాలి. కేసముద్రం మార్కెట్టులో మా బాపు, అంటే మా నాన్న, పత్తి బండి దిగగానే. లక్ష్మి, ఆ రోజు నిండు నెలలతో నడిచిన లక్ష్మి, ఇప్పుడు అత్తగారింట్లో ఉంది. బస్టాండులో జామకాయల అవ్వకు ఫోను లేదు, పక్క చాయ్ హోటల్‌కు చేసి పిలిపించాలి. చివరగా ఆపా కోడలు షబానా వదిన. ఆదివారం ఆపా ఇంట్లోనే ఉంటుందా అని మాత్రం అడగాలి. ఎందుకని అడిగితే, ఊరికే అనాలి.